మొక్కజొన్న చేల నడుమ కథల బడి

కథలు రాయడం నేర్పే బడి ఒకటి ఉన్నదంటే మనవాళ్ళు ముందు నవ్వుతారు. ఆ తరువాత, "అది పుట్టుకతో రావాలి గాని నేర్పితే వచ్చే విద్యటమ్మా!" అంటారు. ఆ మాట అనడానికి మనవాళ్ళే అక్కరలేదు, ఆ బడివాళ్ళే అంటారు. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయంవారి రచయితల వర్క్‌షాపు 1936లో మొదలయింది. రచన నేర్పడం ఎవరి తరమూ కాదనీ, రాయగలిగిన వాళ్ళకు ఊతమివ్వడం ఒక్కటే తమ చేతిలో ఉన్నదనీ ఆ సంస్థ తన గురించి తానే చెప్పుకుంటుంది. సరుకు లేదని బోర్డు కట్టిన దుకాణం ముందు ఎనభై ఏళ్ళకు పైగా జనం బారులు తీరి నిలబడుతున్నారంటే లోపల ఏదో ఉండే ఉండాలి. తెలుగు ఎమ్మే చదివి, ఛందస్సూ అలంకారాలూ చెప్పి జీతం తీసుకునే నాకు, ఆ ఏదో ఏమిటో చూడాలని చాలాకాలం నుంచి ఉండేది.

2018 జూలైలో ఆ కోరిక తీరింది. మా మరిది సీడర్ రాపిడ్స్‌లో ఇంజనీరు. అక్కణ్ణించి అయోవా సిటీ నలభై కిలోమీటర్లు. అసలు వర్క్‌షాపులో సీటు దొరకడం మాటలు కాదు గాని, పెద్దవాళ్ళ కోసం అదే విశ్వవిద్యాలయం 1987లో వేసవి తరగతులు మొదలుపెట్టింది. వారం రోజుల తరగతి. దానికి అప్పట్లో డిగ్రీలు అడిగేవారు కాదు. ఇరవయ్యొక్క ఏళ్ళు నిండి, రాయాలన్న కోరిక ఉంటే చాలునన్నారు, అంతే. మా మరిది దరఖాస్తు చూసి, "వదినా, మీరు పాఠాలు చెప్పేవారు గదా, మళ్ళీ బెంచీమీద కూర్చోవడమేమిటి?" అని నవ్వాడు. "జీతమిచ్చి కూర్చోబెట్టేది అక్కడ, ఫీజు కట్టి కూర్చునేది ఇక్కడ" అన్నాను.

దారి పొడుగునా మొక్కజొన్న. అది అయితే సోయా, సోయా అయితే మళ్ళీ మొక్కజొన్న. మెల్లగా లేచి మెల్లగా దిగే నేల, దూరంగా ఎత్తయిన ధాన్యపు గాదెలు, వాటి పక్కన ఒంటరి ఇల్లు. మనిషి జాడ కనబడదు. మా తోటికోడలు కారు నడుపుతూ, "అక్కా, ఇక్కడ దారి తప్పితే కంకులు లెక్కపెట్టుకుంటూ పోవడమే" అన్నది. ఎండ మన ఎండే, చెమట మన చెమటే. సాయంత్రం పొద్దు గుంకాక మాత్రం, చేల మీద మిణుగురులు లేస్తాయి చూడండి, చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో చూసిన తరువాత అన్ని మిణుగురులను నేను మళ్ళీ ఎక్కడా చూడలేదు.

అయోవా సిటీ జనాభా దాదాపు 75 వేలు. మన లెక్కన ఒక మోస్తరు మునిసిపాలిటీ. నడుమ నది, గట్టుమీద బంగారు గుమ్మటంతో పాత శాసనసభ భవనం. 1857లో రాజధాని డిమోయిన్‌కు తరలిపోతే ఆ భవనం విశ్వవిద్యాలయానికి వచ్చింది. రాజధాని పోయిన ఊరు కృంగిపోవాలి గదా, ఈ ఊరు మాత్రం పుస్తకాలు పట్టుకున్నది. ఎడింబరో, మెల్‌బోర్న్ తరువాత యునెస్కో వారు "సాహిత్య నగరం" అని బిరుదిచ్చిన మూడో ఊరు ఇది, 2008లో. అయోవా అవెన్యూ అనే వీధిలో కాలిబాటమీద కంచు పలకలు పరిచారు. ఈ రాష్ట్రంతో సంబంధమున్న రచయితల మాటలు వాటిమీద చెక్కి ఉంటాయి. అక్షరాలమీద కాలు పెట్టడానికి నాకు మనసొప్పక పక్కనుంచి నడిచాను. వెనక వచ్చే విద్యార్థులు నా నడక చూసి ఏమనుకున్నారో.

ప్రెయిరీ లైట్స్ అని ఒక పుస్తకాల కొట్టున్నది, 1978లో పెట్టినది. మేడమీద కాఫీ హోటలు. 1930ల్లో ఆ గదిలోనే ఊరి సాహితీ సంఘం కూడేదట. రాబర్ట్ ఫ్రాస్ట్, కార్ల్ శాండ్‌బర్గ్, లాంగ్‌స్టన్ హ్యూస్ వంటివారు వచ్చి కూర్చున్న గది. కాఫీ మాత్రం మన ఫిల్టరు కాఫీ ముందు దిగదుడుపే.

ఇక బడి పుట్టుక. కవిత్వమో కథో రాసి ఇస్తే పైడిగ్రీకి సిద్ధాంతవ్యాసంగా పుచ్చుకుంటామని ఈ విశ్వవిద్యాలయం 1922లోనే ప్రకటించింది. మన విశ్వవిద్యాలయాల్లో ఆ మాటకు ఇప్పటికీ బోర్డాఫ్ స్టడీస్‌లో ఎన్ని కనుబొమలు ముడిపడతాయో నాకు తెలుసు. 1936లో విల్బర్ ష్రామ్ వర్క్‌షాపుకు మొదటి అధిపతి. 1941లో వచ్చిన పాల్ ఎంగిల్ దానిని పెంచి పెద్దచేసినవాడు. సీడర్ రాపిడ్స్‌వాడే, కవి. కవికి లేని గుణం ఒకటి ఆయనకుండేది, చందాలు అడగడంలో సిగ్గుపడకపోవడం. బట్టలుతికే యంత్రాలు చేసే మేటాగ్ కంపెనీనీ, అటుకులమ్మే క్వేకర్ ఓట్స్ వారినీ అడిగి కథకుల కోసం డబ్బు తెచ్చాడు. యుద్ధం ముగిసి సైనికులు చదువులకు తిరిగి వచ్చినప్పుడు గదులు చాలక, నది ఒడ్డున, సగం పీపాను బోర్లించినట్టుండే రేకుల కొట్టాల్లో తరగతులు జరిపారు. ఇప్పుడా కొట్టాలు లేవు. వర్క్‌షాపు 1857 నాటి డే హౌస్ అనే పాత ఇంట్లో ఉన్నది. బయట నిలబడి చూశాను. పెద్ద చెట్లు, వరండా, గడ్డి కోసే యంత్రం రొద. గొప్ప సంస్థ అని చెబితే తప్ప తెలియదు.

ఆ కొట్టాల కాలం సంగతి ఒకటి ఉన్నది. 1945లో జార్జియా రాష్ట్రం నుంచి ఇరవై ఏళ్ళ అమ్మాయి ఒకతె ఎంగిల్ గదికి వచ్చి ఏదో చెప్పింది. ఆమె దక్షిణాది యాస ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు. రెండుసార్లు అడిగి, చివరకు కాగితం ముందుకు తోసి రాసి చూపించమన్నాడు. తన పేరు ఫ్లానరీ ఓకానర్ అనీ, వర్క్‌షాపులో చేరవచ్చునా అనీ ఆమె రాసింది. చేరాక కూడా ఆమెకు బిడియమే. ఆమె వంతు వచ్చినప్పుడు కథను ఎంగిలే, ఎవరిదో చెప్పకుండా, చదివి వినిపించేవాడు. ఆమె వెనక వరసలో మాటా పలుకూ లేకుండా కూర్చునేది. అమెరికా కథానికకు పేరు తెచ్చిన నలుగురైదుగురిలో ఇవాళ ఆమె ఒకతె. సాటి అమెరికావాళ్ళకే ఆమె మాట తెలియలేదు గాని, కథ తెలిసింది.

మన దేశం నుంచి వెళ్ళిన వారిలో కలకత్తా అమ్మాయి భారతీ ముఖర్జీ ఉన్నది. 1961లో వచ్చి చేరి, 1963లో మధ్యాహ్నం భోజనాల వేళ, కాఫీ హోటలు మేడమీద లాయరు ఆఫీసులో, తోటి విద్యార్థి క్లార్క్ బ్లేజ్‌ను పెళ్ళి చేసుకున్నది. ముహూర్తం ఎవరు పెట్టారో! తరువాత ఆమె కథల సంపుటికి అమెరికా విమర్శకుల బహుమతి వచ్చింది. వచ్చినవాళ్ళందరూ బుద్ధిమంతులని చెప్పను. 1973లో పాఠాలు చెప్పడానికి వచ్చిన జాన్ చీవర్, రేమండ్ కార్వర్ అనే ఇద్దరు మహానుభావులు పాఠాలకన్న సారా దుకాణానికే ఎక్కువ హాజరు వేయించుకున్నారు.

ఇంతకూ అక్కడ చేసేదేమిటి? చెబితే చాలా చిన్న సంగతి. పన్నెండుగురు ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ఎవరి కథ ఉన్నదో వారు కాపీలు ముందుగా పంచుతారు. అందరూ ఇంటివద్ద చదివి, అంచుల్లో పెన్సిలుతో రాసుకుని వస్తారు. ఆ పైన గంటసేపు కథ గురించి మాట్లాడుకుంటారు. రాసినవాడు మాత్రం నోరెత్తకూడదు. తలకాయ ఊపకూడదు. "నా ఉద్దేశం అది కాదండీ" అనకూడదు. ఆఖరున అయిదు నిమిషాలు ఇస్తారు, అప్పుడు మాట్లాడవచ్చు. మన అవధానంలో పృచ్ఛకులు అడుగుతారు, కవి చెబుతాడు. ఇక్కడ పృచ్ఛకులే చెప్పుకుంటారు, కవికి నోటికి తాళం.

నా తరగతిలో ఉన్నవాళ్ళు: రిటైరయిన నర్సు ఒకామె, డెబ్బై దాటిన రైతు, లాయరు కుర్రవాడు, ముగ్గురు బడిపంతుళ్ళు, ఇద్దరు పిల్లల తల్లి, ఇంకా అటువంటివాళ్ళే. ఎవరూ పేరు మోసినవాళ్ళు కారు, కాబోయేవాళ్ళమన్న భ్రమా అంతగా లేదు. రైతు తన తండ్రి చివరి సంవత్సరం గురించి రాస్తున్నాడు. "నేను పోయేలోగా మా మనమలు చదవాలి" అన్నాడు. నర్సు రాత్రి డ్యూటీల గురించి. పాఠం చెప్పే ఆవిడ నవలా రచయిత్రి, మెత్తని మనిషి. చప్పట్లు ఒక్కసారి కూడా కొట్టనివ్వలేదు.

నా వంతు బుధవారం. తెలుగులో రాసిన కథను నేనే ఇంగ్లీషులోకి దించుకున్నాను. తండ్రి ఆబ్దికం రోజు. ఇంట్లోవాళ్ళకు ఇష్టం లేని పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయిన పెద్దకూతురు పదకొండేళ్ళ తరువాత గుమ్మంలోకి వస్తుంది. ఎవరూ పలకరించరు. అన్నగారు అటు తిరిగి నిలబడతాడు. భోక్తల భోజనాలయ్యాక తల్లి వంటింటి గడపలోకి వచ్చి ఒక్క మాట అంటుంది: "కాళ్ళు కడుక్కో. ఆకు వేశాను." అంతే కథ. ఆ కథ నాకు చాలా దగ్గరిది. ఎందుకన్నది ఇక్కడ అనవసరం.

గంట మొదలయింది. బడిపంతులు ఒకాయన, తల్లి సమస్యను తప్పించుకున్నదన్నాడు. "పదకొండేళ్ళ తరువాత వచ్చిన కూతురితో మాట్లాడవలసిన మాటలు అన్నీ ఉండగా భోజనం సంగతి ఎత్తుతుందేమిటి? ఈ తల్లికి మనసు లేదు." మరొకామె అవునన్నది. నా చేతులు బల్ల కింద ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. మా అమ్మను ఎవరో నలుగురిలో నిందిస్తుంటే వింటూ కూర్చున్నట్టుంది. నోరు విప్పితే రెండు ముక్కల్లో తేలిపోయేది. విప్పకూడదు.

అప్పుడు ఆ రైతు, తన కాపీ వంక చూస్తూ, నెమ్మదిగా మొదలుపెట్టాడు. తనకు పంతొమ్మిదేళ్ళప్పుడు తండ్రితో పోట్లాడి ఇల్లు విడిచి వెళ్ళాడట. నాలుగేళ్ళకు తిరిగి వస్తే రాత్రి భోజనాల వేళ. తండ్రి తల ఎత్తలేదు. తల్లి ఏమీ అనలేదు. బంగాళాదుంపల గిన్నె తన వైపుకు జరిపింది. "అంతకంటే మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ ఎక్కువ చెప్పలేదు" అని కాగితాలు సర్దుకున్నాడు.

గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అరటాకు ఎరగని మనిషి, ఆబ్దికం ఎరగని మనిషి, తెలుగు పేరు కూడా సరిగా పలకలేని మనిషి, ఆకు వేయడమంటే ఏమిటో చెప్పాడు. నేను చెప్పి ఉంటే ఆయన గిన్నె బయటకు వచ్చేది కాదు. బడిపంతులు నా వివరణను మర్యాదగా విని, రాసుకుని, మరిచిపోయేవాడు. కథ అచ్చయి పోయిన తరువాత ప్రతి పాఠకుడి వెంటా వెళ్ళి "నా ఉద్దేశం ఇది" అని చెప్పలేం గదా. ఆ సంగతిని ఒళ్ళు తెలుసుకునేలా ఒక గంటసేపు చేయించడమే ఈ తాళం వేయడంలోని కిటుకు.

కిటుకు అక్కడికే. ఆ తరువాతి పావుగంట మాత్రం వృథా. కథలో వదిన ఉన్నది, ఆడబిడ్డ ఉన్నది, మరదలు ఉన్నది. ఇంగ్లీషులో ముగ్గురికీ ఒకటే మాట. లాయరు కుర్రవాడు కాగితంమీద వంశవృక్షం గీశాడు. అందులో అన్నగారి భార్య తల్లికి చెల్లెలయింది. దానిమీద మరొకామె ఒక సిద్ధాంతం కట్టింది: అక్కాచెల్లెళ్ళ మధ్య ఆస్తి తగాదా ఉన్నదట, అందుకే తల్లి ముభావంగా ఉన్నదట. ఇంకొకరు బలపరిచారు. నా కథలో లేని దావా ఒకటి నా కళ్ళముందే నడిచింది! అర నిమిషంలో తీరే సందేహం. అడిగేందుకు వాళ్ళకూ వీల్లేదు, చెప్పేందుకు నాకూ వీల్లేదు.

అయోవావాడు అయోవా కథ తెచ్చి మౌనంగా కూర్చోవడం వేరు, పై ఊరివాడు కూర్చోవడం వేరు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన విషయాలమీద మౌనం తేలిక. ఈ మాట నేను కనిపెట్టింది కాదు. షికాగోలో మెక్సికన్ కుటుంబంలో పుట్టిన శాండ్రా సిస్నెరోస్ 1970ల చివర ఇక్కడే చదివింది. ఇంటి గురించి జరిగిన ఒక చర్చలో, తోటివాళ్ళు తలచుకునే ఇల్లు తాను ఎన్నడూ చూడలేదని ఆమెకు తోచింది. సిగ్గూ కోపమూ కలిగి, అయితే వీళ్ళకు తెలియని ఇంటి గురించే రాస్తానని మొదలుపెట్టిన రచన 1984లో పుస్తకమయి ఆమెకు పేరు తెచ్చింది. కొరియాలో పుట్టి అమెరికాలో పెరిగిన మాథ్యూ సాలెసెస్ 2021లో ఒక పుస్తకమే రాశాడు: రచయిత నోరు కట్టే పద్ధతి, గదిలో ఉన్నవారి అలవాట్లే లోకరీతి అనుకునే పద్ధతి అని. ఆయన మాటలో చాలా నిజముంది. అయితే నోరు పూర్తిగా విప్పితే ఏమవుతుందో కూడా నాకు తెలుసు, మన సాహిత్య సభలు చూడలేదూ? రచయిత అరగంట తన పుస్తకాన్ని సమర్థించుకుంటాడు, అధ్యక్షులు ముప్పావుగంట ఆయనను సమర్థిస్తారు, శాలువా కప్పుతారు, పుస్తకం ఎవరూ విప్పరు.

నాకు తోచిన పాలు ఇది. "ఎవరు, ఎక్కడ, ఏ వరస" అన్న ప్రశ్నకు రచయిత జవాబు చెప్పవచ్చు. "ఎందుకు, ఏమిటి దీని అర్థం" అన్నదానికి చెప్పకూడదు. నాకిచ్చిన అయిదు నిమిషాల్లో ఈ మాటే అన్నాను. పాఠం చెప్పే ఆవిడ తన నోటుబుక్కులో రాసుకుని, మర్నాడు నర్సు కథకు అలాగే జరిపింది. ఆస్పత్రి వార్డులో ఏ మంచం ఎటు ఉందో అడిగి తెలుసుకున్నారు. రోగి చేయి ఆమె ఎందుకు వదిలేసిందన్నది మాత్రం అడగలేదు.

పై దేశాల రచయితలను ఈ మొక్కజొన్న చేలల్లోకి రప్పించే ఏర్పాటు కూడా ఎంగిల్ చేసిందే. చైనాలో పుట్టి తైవాన్ మీదుగా వచ్చిన నవలా రచయిత్రి నీ హ్వాలింగ్‌తో కలిసి 1967లో అంతర్జాతీయ రచనా కార్యక్రమం పెట్టాడు. తరువాత ఆమెనే పెళ్ళాడాడు. దిలీప్ చిత్రే వంటి మన దేశం కవులు అక్కడ ఉండి వెళ్ళారు. ఎంగిల్ 1991లో పోయాడు, ఆమె 2024లో. 2025లో అమెరికా ప్రభుత్వం ఆ కార్యక్రమానికి ఇచ్చే గ్రాంట్లు ఆపేసింది. బట్టల యంత్రాలవాళ్ళను అడగడానికి మళ్ళీ ఎంగిల్ వంటివాడు కావాలి కాబోలు.

ఇంటికి వచ్చాక మా తెనాలిలో ఒక ప్రయత్నం చేశాను. ఇటువంటి కూడిక ఈ ఊరికి కొత్త కాదు. 1920 ప్రాంతాల తల్లావజ్ఝుల శివశంకరశాస్త్రిగారు సభాపతిగా సాహితీ సమితి నడిచినది ఇక్కడే. ఆనాటి కుర్ర కవులు ఒకరి రచన ఒకరికి వినిపించుకునేవారు. మా కూడిక అంత గొప్పది కాదు. శనివారం సాయంత్రం, మా ఇంటి వసారాలో, ఏడుగురం. రిటైరయిన పోస్టుమాస్టరుగారు, కుట్టుమిషను మీద రవికెలు కుట్టే ఒకావిడ, బ్యాంకు గుమస్తా, ఇద్దరు గృహిణులు, నా పాత విద్యార్థి ఒకడు, నేను.

మొదటి శనివారం పోస్టుమాస్టరుగారి కథ. చదవడం ముగియగానే "అద్భుతం", "కళ్ళనీళ్ళు తిరిగాయండీ" అని నలుగురూ అన్నారు. తెల్లజుట్టు మనిషి కథను తప్పు పట్టడమెలా? అయోవా తాళం మనకు తిరగేసి పడుతుంది: ఇక్కడ రచయిత నోరు కట్టనక్కరలేదు, ఆయన ఎదురుగా ఉన్నందుకు వినేవాళ్ళ నోళ్ళే కట్టుకుపోతాయి. అందుకని రెండో వారం నుంచి పద్ధతి మార్చాము. కథను రాసినవారు కాక మరొకరు చదవాలి. విన్నవాళ్ళు బాగుందనీ బాగాలేదనీ అనకూడదు. కథలో ఏం జరిగిందో, తమకు గుర్తున్నంతవరకు, ఎవరికి వారు చెప్పాలి. అంతే. తప్పు పట్టినట్టూ ఉండదు, పెద్దవారికి కోపమూ రాదు.

కుట్టుపని ఆవిడ వంతు వచ్చింది. ఏడో తరగతితో చదువు ఆపిన మనిషి. కోడలు పుట్టింటి నుంచి బిడ్డనెత్తుకుని రైలెక్కింది, దారిలో తోటి ప్రయాణికురాలికి తన కష్టం చెప్పుకున్నది, స్టేషనులో దిగింది, రిక్షా కట్టించుకున్నది, అత్తగారింటి తలుపు తట్టింది, అని వరసగా చెప్పి, ఆగిపోయింది.

"బాబాయిగారూ, అడగవచ్చో లేదో. మరి బిడ్డేదండీ?"

పోస్టుమాస్టరుగారు కాగితాలు అందుకుని వెనక్కి తిప్పారు. రైలు దిగిన దగ్గర చూశారు. రిక్షా దగ్గర చూశారు. కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుని మళ్ళీ చూశారు. మేమెవరమూ నవ్వలేదు. "నేను తిరిగి రాసుకొస్తానమ్మా" అన్నారు.

ఆ పై శనివారం మూడు పుటలు ఎక్కువ రాసుకుని వచ్చారు. కోడలు బిడ్డను చంకనెత్తుకుని రైలు దిగింది. తలుపు తీసిన అత్తగారు కోడలితో ఏమీ అనలేదు, చేతులు చాచి బిడ్డను అందుకున్నది.